బండికి పూజ చేశాం సరే, బ్రేకు చూశామా?



 ఈ వారం మాట కొంచెం ఇంజనాయిల్ వాసన వేస్తుంది, ఏమీ అనుకోవద్దు. మన గ్రూపులో చాలామంది పొద్దున లేచి దేవుడి ఫొటోకి దండం పెట్టి, ఆ వెంటనే ముట్టుకునేది బండి తాళమే కదా. ఆ బండి సంగతి వదిలేసి ధర్మం గురించి ఎంత మాట్లాడినా అది గాల్లో మాటే.

ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. డెలివరీ పని చేస్తాడు. ఊళ్ళో పదేళ్ళు, ఇక్కడ ఆరేళ్ళు బండి నడిపిన చెయ్యి. "అన్నా, నేను రోజూ చాలీసా చదివినంకనే బండి స్టార్ట్ చేస్త. భారం ఆయన మీద వేసిన. ఇంక నాకేం భయం?" అన్నాడు. ఆ గొంతులో భక్తి ఉంది, నటన కాదు, నిజమైన భక్తే. అందుకే ఆ మాటని తేలిగ్గా తీసేయలేం. కానీ భారం దేవుడి మీద వేయడం అంటే ఏ భారం? మొత్తం భారమా? ఆయన మోయాల్సింది ఎంత, మనం మోయాల్సింది ఎంత?

ఈ ప్రశ్న మనకంటే చాలా పాతది. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు రాముడికి మొదట్లోనే చెప్పిన సంగతి ఇది. వెనకటి ప్రయత్నం, ఇప్పటి ప్రయత్నం రెండు పొట్టేళ్ళలాగా ఢీకొంటాయి, బలమున్నది గెలుస్తుంది అని ఆయన పోలిక. మనం దైవం అని పిలిచేది వెనక మనం చేసుకున్నదే తప్ప వేరే కాదంటాడు. దైవం మీద నెట్టేసి చేతులు కట్టుకు కూర్చునేవాళ్ళంటే ఆయనకి అసలు పడదు. గట్టి మాటే, కానీ ఎడారిలో ఒంటరిగా బతికేవాడికి ఆ గట్టిదనం ఒక్కోసారి తట్టుకోలేనంత ఉంటుంది. ఇంట్లో ఒకటి జరిగి, పనిలో ఒకటి జరిగి, అన్నీ నీ ప్రయత్నలోపమే అంటే మనిషి ఎట్లా నిలబడతాడు?

గీత అంత దూరం పోదు. పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు ఒక లెక్క చెప్తాడు. ఏ పని జరగాలన్నా ఐదు కారణాలు కలవాలట. అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. ఆ వరుస చూడండి. దైవాన్ని తీసేయలేదు, తక్కువ చేయలేదు, కానీ నాలుగు చెప్పాకే దాని పేరెత్తాడు. మన తమ్ముడు ఐదోదాన్ని గట్టిగా పట్టుకుని ముందున్న నాలుగింటినీ వదిలేశాడు. అధిష్ఠానం అంటే శరీరమని, కరణాలంటే ఇంద్రియాలని పెద్దలు వ్యాఖ్యానం చెప్పారు. కరణం అంటే పనిముట్టు అనే అర్థం కూడా ఉంది కాబట్టి నేను బండిని కూడా ఆ లెక్కలో వేస్తున్నా. పండితులు ఒప్పుకోకపోతే ఆ చొరవ నాది, కృష్ణుడిది కాదు.

శరీరం సంగతి మీకు చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి రూముకొచ్చి, పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ బండెక్కిన ఒళ్ళు అది. జూన్, జూలైల్లో హెల్మెట్ లోపల తల ఉడికిపోతుంది. నీళ్ళు తక్కువైతే ముందు చిరాకు మొదలవుతుంది. చిరాకులో చేసే ఓవర్‌టేక్ వేరు, స్థిమితంగా ఉన్నప్పుడు చేసేది వేరు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో బయట పని చేయించకూడదని నియమం పెట్టారు. అంటే మనిషి ఒంటికి ఒక హద్దు ఉందని అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. మన ఒంటి హద్దు మనమే ఒప్పుకోం. అదే విచిత్రం.

ఇక పనిముట్టు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

టైరు చూడండి. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే ఆ టైరు 2022లో 23వ వారంలో పుట్టిందని అర్థం. ఈ ఎండలకి రబ్బరు గట్టిపడిపోతుంది. పైన గాట్లు బాగానే కనబడతాయి, కానీ రోడ్డుని పట్టుకునే గుణం పోయి ఉంటుంది. దుకాణంలో కొత్త టైరని ఇచ్చినా ఆ నాలుగంకెలు చదివి తీసుకోండి. గాలి ఎప్పుడూ పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి కొందరు తీసేస్తారు, తెల్లారేసరికి టైరు మెత్తగా ఉంటుంది.

చైను. చాలా మామూలు బళ్ళకి కింది వరుస మధ్యలో వేలు పెట్టి ఎత్తితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. మీ బండికి ఎంతో పుస్తకంలోనో స్వింగార్మ్ మీది స్టిక్కర్‌లోనో రాసి ఉంటుంది. వదులైతే చప్పుడు చేస్తుంది కాబట్టి అందరికీ తెలుస్తుంది. బిగుతైతే చప్పుడుండదు, లోపల బేరింగుని తినేస్తుంది. ఇక్కడి ఇసుకలో ఇంకో చిక్కుంది. నూనె ఎక్కువ పోస్తే మంచిదనుకుంటారు. ఆ నూనెకి ఇసుక అంటుకుని గరుకు కాగితంలా తయారవుతుంది. కిరోసిన్‌తో బ్రష్ చేసి, పొడి గుడ్డతో తుడిచి, కొంచెం నూనె వేసి, పైన మిగిలింది మళ్ళీ తుడిచేయాలి. 500 కిలోమీటర్లకోసారి అంటారు. ఇంటి నుంచి ఆఫీసుకి పోయి వచ్చేవాడికి అది నెల మాట. రోజుకు 150 కిలోమీటర్లు తిరిగేవాడికి మూడు నాలుగు రోజుల మాట. మనం ఊళ్ళో నేర్చుకున్న నెల లెక్క ఇక్కడ పనికిరాదు, కిలోమీటర్ల లెక్కే పట్టుకోవాలి. ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. ఇసుక గాలి వీచిన వారం తరవాత అది తీసి చూస్తే ఊళ్ళో రెండేళ్ళ దుమ్ము ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ సంగతి చాలామంది పాత చేతులకి కూడా తెలియదు. డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. ఆ ద్రవం గాల్లోని తేమని మెల్లగా పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళలో తేమకి కొదవ లేదు. తేమ చేరిన ఆయిల్ తక్కువ వేడికే మరుగుతుంది. గట్టిగా, పదే పదే బ్రేకు వేసినప్పుడు లోపల బుడగలు పుడతాయి. బుడగని నొక్కితే అది నలుగుతుంది తప్ప తోయదు. లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. అందుకే ఎంత తిరిగినా తిరగకపోయినా మామూలుగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. రంగు తేనె నుంచి కాఫీకి మారిందంటే ఇంక ఆగొద్దు.

ఇవన్నీ తెలిసిన సంగతులే అంటారు కొందరు. నిజమే, తెలిసినవాళ్ళే. అయితే అనుభవం ఉన్నవాడికి కొత్తవాడికి లేని ఒక ప్రమాదం ఉంది. బ్రేకు ఒక్కరోజులో పోదు. రోజుకి వెంట్రుకవాసి చొప్పున పోతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలియదు. చెయ్యి తనంతట తానే ఇంకొంచెం గట్టిగా నొక్కడం, ఇంకొంచెం ముందుగా నొక్కడం నేర్చుకుంటుంది. ఎంత మంచి రైడరైతే అంత బాగా సర్దుకుంటాడు. బండి పాడైన సంగతి దాని మీద రోజూ కూర్చునేవాడికే ఆఖరున తెలుస్తుంది. దీనికి మెకానిక్కుకంటే ముందు ఇంకో మందుంది. నెలకోసారి మీ బండిని నమ్మకమున్న తోటివాడికి ఇచ్చి ఖాళీ పార్కింగులో ఒక్క చుట్టు నడపమనండి. దిగి ఏమంటాడో వినండి. "ఏందిరా అన్నా, ఈ బ్రేకుతోనా తిరుగుతున్నవ్?" అంటాడు. మీకు అంతవరకు అది బాగానే ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఇది ఒక్క బండి సంగతేనా? కోపం కూడా మనకి ఒక్కరోజులో రాలేదు. మందు అలవాటు, మాట తప్పే అలవాటు, ఇంటికి డబ్బు పంపి మాట మాత్రం పంపని అలవాటు, ఏదీ ఒక్కరోజులో రాలేదు. మన చెయ్యి దానికి సర్దుకుపోయింది. సత్సంగం కావాలని పెద్దలన్నది భజన కోసం మాత్రమే కాదని నాకు అనిపిస్తుంది. మన బండి మీద ఒక చుట్టు వేసి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఒకడు కావాలి. రూములో ఆరుగురుంటారు. ఆ ఆరుగురిలో మీకు ఆ మాట చెప్పగలిగేవాడు ఎవరు? చెప్తే మీరు వినేవాడు ఎవరు?

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం మీకు తెలుసు. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ ఆ రథంలో కూర్చున్న యజమాని. మనవాళ్ళు ధ్యానం గురించి చెప్పాలనుకుంటే కూడా బండినే చూపించారు. ఎందుకంటే బండి నడపడం అంటే ఏంటో విన్న ప్రతివాడికీ తెలుసు.

అసలు కథ ఇది కాదు. భారతంలో ద్రోణపర్వంలో ఉంది.

యుద్ధం పద్నాలుగో రోజు. అభిమన్యుడు చనిపోయిన మర్నాడు. సూర్యుడు గుంకేలోపు సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతాను అని అర్జునుడు మాట ఇచ్చేశాడు. సైంధవుడు ఎక్కడో సేనల వెనక దాక్కున్నాడు. ప్రపంచంలో ఇంతకంటే కఠినమైన డెడ్‌లైన్ ఉంటుందా? ఆర్డరు ఆలస్యమైతే మనకి యాప్‌లో రేటింగు పోతుంది, ఆయనకి ప్రాణమే పోతుంది. అట్లాంటి పగటి వేళ, శత్రువుల నడి మధ్యలో, గుర్రాలు అలిసిపోయాయి. ఒళ్ళంతా బాణాలు దిగి ఉన్నాయి. అప్పుడు కృష్ణార్జునులు ఏం చేశారు? రథం ఆపారు. అర్జునుడు కిందికి దిగి నేల మీద నిలబడి శత్రువుల్ని ఆపుతుంటే, కృష్ణుడు గుర్రాలు విప్పాడు. నీళ్ళు లేవంటే అర్జునుడు బాణంతో నేల చీల్చి మడుగు చేశాడు. బాణాలతోనే చుట్టూ ఒక ఇల్లు కట్టాడు. ఆ లోపల కృష్ణుడు తొందర లేకుండా గుర్రాల ఒంట్లోంచి ఒక్కొక్క బాణమే పీకాడు. ఒళ్ళు రుద్దాడు, కడిగాడు, నీళ్ళు పట్టాడు, మేత పెట్టాడు, అవి తేరుకున్నాక మళ్ళీ కట్టాడు. చూస్తున్న కౌరవ సేన నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

ఆ సన్నివేశం మీద నేను చాలాసార్లు ఆగిపోతాను. భారం దేవుడి మీద వేశాం అంటాం. ఆ దేవుడు నిజంగా మన బండి నడుపుతున్న రోజున ఏం చేశాడు? సుదర్శనం వేసి పని తేల్చేయలేదు. గుర్రాలకి అలుపు లేకుండా మంత్రం వేయలేదు. దిగి, చేతులతో సర్వీసింగ్ చేశాడు. చెన్నై ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి ఉత్సవమూర్తిని ఎప్పుడైనా చూస్తే, ముఖం మీద బాణపు దెబ్బల గుర్తులు చూపిస్తారు. సారథి ఉద్యోగం ఆయన అట్లా చేశాడు. ఆయన్ని నమ్ముకున్నవాడు చైను తుడవడానికి టైము లేదంటే, నమ్మింది ఆయన్నేనా అని నాకు సందేహం.

మీరు ఇక్కడ నన్ను ఆపొచ్చు. "అన్నీ సరిగ్గా చూసుకున్నవాడు పోలేదా? హెల్మెట్ ఉంది, బ్రేకుంది, లైనులో పోతున్నాడు, సిగ్నల్ దూకి వచ్చిన కారు కొట్టింది. ఏమీ చూసుకోనివాడు ఇరవై ఏళ్ళ నుంచి తిరుగుతున్నాడు." నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు, గీత దగ్గర ఉంది. అదే ఐదోది. కారణాలు ఐదు ఉండగా నేనొక్కణ్ణే చేసేవాణ్ణి అనుకునేవాడు సరిగ్గా చూడనట్టే అని అదే చోట చెప్పాడు. అంటే ఆ ఐదోది రెండు వైపులా పని చేస్తుంది. సోమరికి "నాలుగు నీ పనే" అని చెప్తుంది. అన్నీ నా చేతుల్లోనే ఉన్నాయనుకునే గట్టివాడికి "ఒకటి నీది కాదు" అని చెప్తుంది. పదహారేళ్ళ అనుభవం ఉన్నవాడు వినాల్సింది రెండోది. గల్ఫ్ రోడ్డు మలుపులో కంటికి కనబడని పొడి ఇసుక పొర ఉంటుంది. నెలల తరబడి వాన లేక, మొదటి చినుకు పడగానే రోడ్డు మీది పాత ఆయిలంతా పైకి తేలుతుంది. అక్కడ మీ అనుభవం చూసి బండి జారకుండా ఉండదు.

ఇంకొక మాట, ఇది ముఖ్యం. మనవాడెవడైనా రోడ్డు మీద పోతే, రూములో కూర్చుని "వాడు చూసుకోకుండా నడిపి ఉంటాడు" అనడం మానేద్దాం. ఆ నాలుగింటిలో ఏది తప్పిందో, ఐదోదే తప్పిందో మనకి తెలియదు. ఈ లెక్క ఎవరికి వారు బండెక్కే ముందు వేసుకోవడానికి. పోయినవాడి మీద, వాడి భార్య ముందు వేయడానికి కాదు.

చాలీసా మానమని నేను అనడం లేదు. చదవండి. స్టాండు తీయకముందు ఆ రెండు మూడు నిమిషాలు కూర్చున్నవాడికి తొందర కొంచెం తగ్గుతుంది, అదే పెద్ద రక్షణ. చదువుతూ బండి చుట్టూ ఒక్కసారి తిరగండి, ఎట్లాగూ ప్రదక్షిణ అలవాటే కదా. వెనక బ్రేక్ లైటు వెలుగుతుందా, టైరులో మేకు ఉందా, కింద ఆయిల్ చుక్క పడిందా, కళ్ళకి అదే పని చెప్పండి.

ఇప్పుడు ఇంకో రకం చిక్కు. "అన్నా, బండి నాది కాదు, కంపెనీది. రిపేరు చెప్తే జీతంలో కోస్తరు. నేనెందుకు చూసుకోవాలె? పోతే పోనీ." ఈ మాట వినని క్యాంపు లేదు. దీంట్లో కోపం ఉంది, ఆ కోపానికి కారణమూ ఉంది. తెలిసి తెలిసి అరిగిపోయిన బండి చేతికిచ్చి, టైముకి చేర్చు అనేవాడి పాపం చిన్నది కాదు. దాన్ని భక్తి మాటలతో కప్పిపెట్టడం నాకిష్టం లేదు. అలాంటి చోట ఫొటో తీసి, తేదీతో మెసేజ్ పెట్టండి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది నిలబడుతుంది. ఉద్యోగ భయంతో నోరు మూసుకునే పరిస్థితి ఉంటుందని నాకు తెలుసు. అయినా బ్రేకు లేని బండి ఎక్కనని చెప్పడం మొండితనం కాదు.

కానీ "పోతే పోనీ" అన్న రెండో ముక్క వేరు. భరతుడు నందిగ్రామంలో పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు. రాజ్యం తనది కాదు, పాదుకలది. తనది కానిదాన్ని ఎట్లా చూశాడు? రాముడు తిరిగొచ్చాక లెక్క అప్పజెప్తూ ఖజానా పదింతలైందని చెప్పాడు. తనది కాదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూశాడు. సొంత వస్తువు పాడుచేసుకుంటే మన నష్టమే. అప్పగించిన వస్తువు పాడుచేస్తే ఎవరి నష్టమో చెప్పలేం.

చెప్పలేం అన్నాను కానీ చెప్పొచ్చు. మీరు పని మారుతున్నారనుకోండి. బండి తాళం ఆఫీసులో ఇచ్చి సంతకం పెట్టారు. ముందు బ్రేకు మెత్తబడిందని మీకు తెలుసు, మీ చెయ్యి దానికి సర్దుకుంది. ఎల్లుండి ఆ బండి మీద కూర్చునేది కంపెనీ ముదిరి కాదు. నిజామాబాద్ నుంచో కడప నుంచో మొన్నే దిగిన ఇరవై రెండేళ్ళ పిల్లవాడు. రోడ్డుకి కుడి పక్కన నడపడం వాడి ఒంటికి ఇంకా అలవాటు కాలేదు. వాడి చెయ్యికి ఆ బ్రేకు గురించి ఏమీ తెలియదు. వీసా అప్పు ఇంకా మొత్తం అలాగే ఉంది. ఆ కాగితం మీద "ముందు బ్రేకు చూడాలి" అని ఒక్క ముక్క రాస్తే మీకు పోయేదేంటి? వాడి నంబరు దొరికితే ఒక్క మెసేజ్ పెడితే? ఆ పిల్లవాడి తల్లి మీకోసం ఎప్పుడూ దండం పెట్టదు, మీ పేరు కూడా ఆమెకి తెలియదు. ఎవరూ చూడనిచోట, పేరు రానిచోట చేసే పని గురించే నిష్కామ కర్మ అనే పెద్ద మాట పుట్టింది కదా.

ఇక ఇంటి సంగతి. నాకు ఎక్కువ బెంగ ఇక్కడే.

దసరా వస్తుంది. ఊళ్ళో కొత్త పల్సరో బుల్లెట్టో. ఇక్కడ ఓవర్‌టైం చేసి పంపిన డబ్బు. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, కొబ్బరికాయ. కొండగట్టుకి తీసుకుపోయి పూజ చేయిస్తారు కొందరు, బెజవాడ కనకదుర్గమ్మ దగ్గరికి కొందరు. కొడుకు బండి మీద కూర్చున్న ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. తండ్రి ఆ ఫొటో క్యాంపంతా చూపిస్తాడు. ఆ ఆనందాన్ని నేను చిన్నచూపు చూడను. నాన్న పక్కన లేని ఇంట్లో ఆ బండి నాన్న బదులు నిలబడుతుంది. అన్నీ ఉన్న ఆ ఫొటోలో ఒకటి ఉండదు. హెల్మెట్ ఉండదు.

ఆయుధపూజ అంటే పనిముట్టుని కడిగి, తుడిచి, సానబెట్టి, దానికి ఒకరోజు విశ్రాంతి ఇచ్చి దండం పెట్టడం. పాండవులు ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద ఏడాదిపాటు జాగ్రత్తగా దాచిపెట్టారు. దింపిన రోజునే గాండీవం యుద్ధానికి పనికొచ్చింది. నిమ్మకాయ పగలడంతో పూజ పూర్తయిందనుకుంటే సగమే చేసినట్టు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ప్రభుత్వం వేసిన లెక్క ఇది. వందమందిలో సుమారు 44 మంది రెండు చక్రాల బండి మీద పోయినవాళ్ళే. మీరు ఇక్కడ హెల్మెట్ లేకుండా గేటు కూడా దాటరు. మరి ఊళ్ళో కొడుక్కి "పక్క ఊరికే కదా" అని ఎందుకు ఒప్పుకుంటున్నారు? దూరంగా ఉన్నాననే తప్పు భావనతో బండి కొనిస్తాం. అదే భావనతో గట్టిగా చెప్పలేకపోతాం. ఎక్కడ అలుగుతాడో, మూడు రోజులు ఫోను ఎత్తడేమోనని. ఇది ప్రేమేనా అని ఒక్కసారి అడుగుదాం. అడిగిందల్లా ఇవ్వడం సులువు, పైసలుంటే చాలు. ఇచ్చాక వాడి కోపం భరిస్తూ మాట నిలబెట్టడమే కష్టం, దానికి ఓపిక కావాలి. ధృతరాష్ట్రుడికి కొడుకు మీద ప్రేమ తక్కువని ఎవరూ అనలేదు.

పద్దెనిమిది నిండని పిల్లవాడికి గేరు బండి ఇస్తే, 2019లో మార్చిన చట్టం ప్రకారం శిక్ష పెద్దవాళ్ళకి, బండి యజమానికి. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. బండి చాలా ఇళ్ళలో తల్లి పేరునో తాత పేరునో ఉంటుందని గుర్తుపెట్టుకోండి. హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడమనండి. లోపల ఉండే థర్మోకోల్ లాంటి పొరే తలని కాపాడేది. ఒక్క గట్టి దెబ్బకి అది నలిగిపోతుంది, మళ్ళీ పొంగదు. పైన పెంకు మెరుస్తున్నా ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్ పని అయిపోయినట్టే. పాత హెల్మెట్ తమ్ముడికిచ్చే అలవాటు మంచిది కాదు.

ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి వచ్చినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా పని చేయలేకపోయినా 10 లక్షలు. ఆ పాలసీ కాగితం ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకి తెలుసా? గడువు ఎప్పటిదాకా ఉంది? ఇట్లాంటి మాట అపశకునమని ఎత్తనివ్వరు. చావు గురించి యముణ్ణే కూర్చోబెట్టి అడిగిన పిల్లవాడి కథ చదివే జాతి మనది, ఒక కాగితం ఫొటో పంపడానికి భయమెందుకు?

ఆఖరుగా ఫోను. దుబాయ్‌లో టైము మనకంటే గంటన్నర వెనక, కువైట్‌లో రెండున్నర గంటలు వెనక. ఊళ్ళో పిల్లలు తొమ్మిదింటికి పడుకుంటారు. పడుకునే ముందు నాన్నతో మాట్లాడాలని ఏడుస్తారు. అది దుబాయ్‌లో ఏడున్నర. రాత్రి భోజనం ఆర్డర్లు ఎక్కువ వచ్చే టైము సరిగ్గా అదే. హెల్మెట్‌లో ఫోను మోగుతుంది. ఎత్తకపోతే పిల్ల ఏడుస్తూ పడుకుంటుంది, ఎత్తితే కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, మనసు ఊళ్ళో ఉంటుంది. పగ్గాలు వదిలేసిన రథం అంటే ఇదే. ఇక్కడ ఎవరిదీ తప్పు కాదు, రెండు వైపులా ఉన్నది ప్రేమే. అందుకే నియమం ముందే పెట్టుకోవాలి, మోగినప్పుడు కాదు. ఈ శుక్రవారం ఇంటికి ఫోను చేసినప్పుడు భార్యతో, పిల్లలతో కూర్చుని ఒక టైము అనుకోండి. పొద్దున బడికి పోయేముందు పది నిమిషాలైనా సరే. సాయంత్రం మోగి ఎత్తకపోతే నాన్న బండి మీద ఉన్నాడని అర్థం, భయపడొద్దు అని పిల్లకి మీరే చెప్పండి. ఊళ్ళో కొడుక్కి కూడా అదే. వాడు బండి మీద ఉన్నప్పుడు "ఎక్కడున్నవ్ రా" అని మీరు నాలుగుసార్లు చేయొద్దు. బండి ఆపాక వాడే చేస్తాడు.

(వచ్చే వారం: ఊరికి పంపే డబ్బు, అప్పు, మాట. మీ ప్రశ్నలు వాయిస్‌లో పెట్టండి, బండి ఆపాక.)